హ్యూస్టన్ జైలు ఎప్పుడు చూసినా ఎందుకు నిండే ఉంటుంది?

టెక్సాస్‌లో ఇల్లు కొన్నవాళ్ళకు ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు కొత్త కాదు. స్కూల్ డిస్ట్రిక్ట్ వాటా చూడగానే గుండె గుభేల్‌మంటుంది కాబట్టి కింద కౌంటీ అని ఉన్న లైను మీద ఎవరి చూపూ పెద్దగా ఆగదు. కానీ కౌంటీ ఖర్చుల్లో బరువైనవాటిలో జైలు ఒకటి. ఫ్రిస్కో, ప్లేనో ఉన్న కాలిన్ కౌంటీ జనాభా 2010లో 7.8 లక్షలు, 2020కి 10.6 లక్షలు. షుగర్‌ల్యాండ్ ఉన్న ఫోర్ట్ బెండ్ 5.85 లక్షల నుంచి 8.2 లక్షలకు పోయింది. మనవాళ్ళు ఎక్కువగా స్థిరపడ్డ ఊళ్ళే ఇవి. ఇలా పెరిగే కౌంటీల్లో కొన్నేళ్ళకోసారి ఒకటే మాట వినిపిస్తుంది: జైలు నిండిపోయింది, కొత్తది కట్టాలి, బాండ్‌కు (అంటే ఓటర్ల అనుమతితో కౌంటీ చేసే అప్పుకు) ఓటెయ్యండి అని.

ఓటెయ్యాలా వద్దా అన్నది తేలాలంటే ముందు జైలు ఎందుకు నిండుతుందో తెలియాలి. దానికి హ్యూస్టన్ ఉన్న హ్యారిస్ కౌంటీని మించిన ఉదాహరణ నాకు కనపడలేదు. 2020 లెక్కల ప్రకారం 47 లక్షల జనం, దేశంలో మూడో పెద్ద కౌంటీ, కిక్కిరిసిన జైలు మీద యాభై ఏళ్ళుగా కోర్టు కేసులు. కట్టడం, కట్టకపోవడం, ఖైదీలను వేరే రాష్ట్రాలకు పంపడం, బెయిల్ పద్ధతి మార్చడం, అన్నీ చేసి చూశారక్కడ.

ముందు ఒక సంగతి. కౌంటీ జైల్లో ఉండేవాళ్ళలో ఎక్కువమందికి ఇంకా శిక్ష పడలేదు. శిక్షపడి ఏళ్ళ తరబడి ఉండాల్సినవాళ్ళు రాష్ట్రం నడిపే ప్రిజన్‌కు వెళతారు. పోలీసులు పట్టుకొచ్చిన మనిషి, బెయిల్ కట్టలేని మనిషి, కేసు తేలేదాకా ఎదురుచూసే మనిషి, చిన్న నేరానికి నెలల శిక్ష పడిన మనిషి, వీళ్ళంతా కౌంటీ జైల్లో ఉంటారు. దేశం మొత్తం మీద కౌంటీ జైళ్ళలో ఉన్నవాళ్ళలో దాదాపు మూడింట రెండు వంతులమంది విచారణ ఖైదీలే, చట్టం దృష్టిలో నిర్దోషులే. జైలు ఇరుకైపోయింది అని మనం అంటున్నప్పుడు ఆ ఇరుకులో నేల మీద పడుకుంటున్నది ఎక్కువగా వీళ్ళేనని గుర్తుపెట్టుకోవాలి.

జైలు నడిపేది షెరీఫ్, అంటే కౌంటీ పోలీసు అధిపతి. డబ్బిచ్చేది కమిషనర్స్ కోర్ట్, అంటే పేరులో కోర్టు ఉన్నా నిజానికి కౌంటీ పాలకమండలి. బెయిల్ ఎంతో చెప్పేది, కేసు ఎప్పుడు వినాలో చెప్పేది ఎన్నికైన జడ్జీలు. కేసు పెట్టేది డిస్ట్రిక్ట్ అటార్నీ. ప్రమాణాలు పెట్టి తనిఖీ చేసేది రాష్ట్రం, శిక్ష పడినవాళ్ళను ఎప్పుడు తీసుకెళ్ళాలో తేల్చేదీ రాష్ట్రమే. షెరీఫ్‌కి గుమ్మం దగ్గర ఎవర్నీ వద్దనే వీలు లేదు, లోపల ఉన్నవాణ్ణి తనంతట తాను వదిలే వీలూ లేదు. అయినా జైలు నిండితే అందరూ అడిగేది ఆయన్నే. ఆయన చేతిలో ఉన్నది ఒక్కటే, ఇంకిన్ని బెడ్లు ఇవ్వండి అని అడగడం. అందుకే ఈ చర్చ ఎప్పుడూ బెడ్ల దగ్గరే మొదలై బెడ్ల దగ్గరే ఆగిపోతుంది.

ఇప్పుడు లెక్క. ఏ జైలైనా సరే, ఏ రోజున ఎంతమంది ఉంటారన్నది రెండు అంకెలు తేలుస్తాయి: రోజుకు ఎంతమంది లోపలికి వస్తున్నారు, ఒక్కొక్కరు సగటున ఎన్ని రోజులు ఉంటున్నారు. రోజుకు వందమంది వచ్చి సగటున 30 రోజులుంటే లోపల 3,000 మంది ఉంటారు. అరెస్టులు ఒక్కటి కూడా పెరగకుండా, కోర్టుల ఆలస్యం వల్ల ఆ 30 కాస్తా 45 అయితే 4,500 మంది అవుతారు. నేరాలు పెరగలేదు, జనాభా పెరగలేదు, కానీ 1,500 బెడ్లు కావాల్సొచ్చాయి. అసలు సగటు కూడా మోసపు లెక్కే, ఎందుకంటే వచ్చినవాళ్ళలో చాలామంది రెండు మూడు రోజుల్లో వెళ్ళిపోతారు. బెడ్లన్నీ పట్టుకుని ఉండేది నెలలు, ఏళ్ళు ఆగిపోయిన కొద్ది భాగం. వాళ్ళ కేసులు ఎందుకు కదలడం లేదో చూడకుండా కొత్త భవనం ప్లాన్ గీయడం నాకైతే తప్పుగా కనిపిస్తుంది.

జనాభా 30 శాతం పెరిగితే బెడ్లూ 30 శాతం పెంచాలి అన్న వాదన వినడానికి బావుంటుంది గానీ చరిత్ర దాన్ని ఒప్పుకోదు. 1980లో అమెరికా స్థానిక జైళ్ళలో ఉన్నది సుమారు 1,84,000 మంది. 2008 నాటికి 7,80,000 చుట్టుపక్కల. నాలుగు రెట్లకు పైగా. ఆ కాలంలో దేశ జనాభా పెరిగింది మూడో వంతే, పైగా 1990ల మొదటి నుంచీ నేరాలు తగ్గుతూ వచ్చాయి. అంటే ఎంతమందిని లోపల పెట్టాలి, ఎన్నాళ్ళు పెట్టాలి అన్న నిర్ణయాలు మారాయి, జైళ్ళు వాటి వెనకాల పెరిగాయి.

హ్యారిస్ కౌంటీలో ఒక్కొక్కరు లోపల ఉండే రోజులు ఎలా పెరిగాయో చూడండి. 2017 ఆగస్టులో హార్వీ తుఫాను వచ్చింది. హ్యూస్టన్ డౌన్‌టౌన్‌లో క్రిమినల్ కోర్టులుండే ఇరవై అంతస్తుల భవనం దెబ్బతిని మూతపడింది. జడ్జీలు వేరే భవనాల్లో ఒకే కోర్టు గదిని వంతులవారీగా పంచుకున్నారు, అదీ ఏదో వారం పది రోజులు కాదు, ఏళ్ళ తరబడి. అది సర్దుకోకముందే కోవిడ్. జ్యూరీ విచారణలు ఆగిపోయాయి, 2020లో జ్యూరీ సభ్యుల ఎంపిక కోసం ఎన్ఆర్‌జి అరీనాను వాడుకోవాల్సొచ్చింది, మనుషులు దూరదూరంగా కూర్చోగల చోటు ఇంకోటి లేక. జ్యూరీ భయం లేకపోతే, నేరం ఒప్పుకుని శిక్ష తగ్గించుకునే రాజీ బేరాలూ కుదరవు. డిఫెన్స్ లాయరుకూ తొందర ఉండదు, ప్రాసిక్యూటరుకూ ఉండదు, తొందరంతా లోపలున్న మనిషిదే. కేసులు పేరుకుపోయాయి, 2022లో జైల్లో సంఖ్య పదివేలు దాటింది.

బెయిల్ సంగతి ఇంకా వివరంగా చెప్పుకోవాలి, దీని మీద రెండు వైపులా అపోహలు ఎక్కువ. జడ్జి 2,500 డాలర్ల బెయిల్ అంటే రెండు దారులు. మొత్తం కట్టి, కోర్టుకు సరిగ్గా హాజరై, చివర్లో తిరిగి తీసుకోవడం ఒకటి. లేదా బెయిల్ బాండ్స్ కంపెనీకి సుమారు పది శాతం ఇస్తే వాళ్ళు పూచీ ఉంటారు, ఆ పది శాతం మాత్రం తిరిగి రాదు. ఆ 250 డాలర్లు కూడా లేనివాడు లోపలే. 2016లో లైసెన్సు చెల్లకుండా కారు నడిపిందని పట్టుబడ్డ ఓ ఒంటరి తల్లి, బెయిల్ 2,500 డాలర్లు కట్టలేక జైల్లో ఉండాల్సొచ్చి, ఫెడరల్ కోర్టులో దావా వేసింది. 2017 ఏప్రిల్‌లో జడ్జి లీ రోసెంథాల్ 193 పేజీల తీర్పు ఇచ్చారు. చిన్న నేరాల్లో డబ్బున్నవాణ్ణి వదిలి, అదే నేరానికి డబ్బు లేనివాణ్ణి ఉంచెయ్యడం రాజ్యాంగ విరుద్ధం అని తేల్చారు. కౌంటీ అప్పీళ్ళకు వెళ్ళింది. 2018 ఎన్నికల్లో చిన్న కేసులు వినే జడ్జీలు దాదాపు అందరూ మారిపోయారు, 2019 నవంబరులో రాజీ ఒప్పందానికి కోర్టు ఆమోదం దొరికింది. ఆ తర్వాత చిన్న నేరాల్లో ఎక్కువమంది డబ్బు కట్టకుండానే బయటికొస్తున్నారు. ఒప్పందం అమలు చూసేందుకు కోర్టు నియమించిన పరిశీలకులు, దీనివల్ల మళ్ళీ నేరం చేసేవాళ్ళు పెరగలేదని తమ నివేదికల్లో రాశారు.

మరి జైలు ఖాళీ కావాలి కదా? కాలేదు. ఇక్కడే చాలామంది తికమకపడతారు. సంస్కరణ పనిచేయలేదని ఒకరు, నేరస్తుల్ని వదిలేశారని ఇంకొకరు అంటారు. జరిగింది వేరు. చిన్న కేసులవాళ్ళు ముందూ కొద్ది రోజులే ఉండేవాళ్ళు కాబట్టి వాళ్ళు పట్టుకున్న బెడ్లు తక్కువ. వాళ్ళు ఖాళీ చేసిన చోటుని, ఏళ్ళు పట్టే ఫెలనీ (తీవ్రమైన నేరం) కేసులవాళ్ళు నింపేశారు. దానికి తోడు 2021లో రాష్ట్ర శాసనసభ తెచ్చిన సెనేట్ బిల్లు 6, హింసాత్మక నేరం ఆరోపణ ఉన్నవాళ్ళను డబ్బు కట్టించుకోకుండా, కోర్టుకు వస్తామన్న మాట మీద వదలకూడదంది. 2025 నవంబరులో ఓటర్లు ఆమోదించిన రాజ్యాంగ సవరణ, కొన్ని తీవ్రమైన ఆరోపణల్లో అసలు బెయిలే ఇవ్వకుండా ఉంచే దారి తెరిచింది. ఈ చట్టాలు మంచివా చెడ్డవా అన్నది వేరే చర్చ, వాటికి బలమైన కారణాలు చెప్పే బాధిత కుటుంబాలున్నాయి. కానీ ఆ నిర్ణయం రాష్ట్రానిది, లోపలున్నన్ని రోజుల ఖర్చు కౌంటీది. చట్టం పాసైన రోజున ఆ ఖర్చు ఎంతో ఎవరూ కౌంటీ ప్రజలకు చెప్పరు.

మనవాళ్ళకు నేరుగా తగిలే విషయం కూడా ఒకటుంది. వీసా మీద ఉన్నవాళ్ళకు బెయిల్ కట్టినంత మాత్రాన ఇంటికొచ్చేస్తామన్న భరోసా లేదు. ఇమిగ్రేషన్ అధికారులు ఫలానా మనిషిని మాకు అప్పగించేదాకా ఉంచండి అని కోరితే, 2017లో వచ్చిన రాష్ట్ర చట్టం ప్రకారం టెక్సాస్ కౌంటీ జైళ్ళు దాన్ని పాటించాల్సిందే. చిన్న గొడవే కదా అనుకుని లాయరు లేకుండా వెళ్ళే స్టూడెంట్ల ఇళ్ళలో టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే.

సరే, బెడ్ల దగ్గరికే వద్దాం. 9,000 బెడ్లున్న జైల్లో 9,000 మందిని పెట్టలేరు. ఆడవాళ్ళని, మగవాళ్ళని విడిగా ఉంచాలి. టెక్సాస్ చట్టంలో 17 ఏళ్ళవాడు పెద్దవాడే, కానీ ఫెడరల్ ప్రమాణాల ప్రకారం 18 నిండనివాణ్ణి పెద్దల్లో కలపకూడదు. ఒకే కేసులో నిందితుల్ని వేరు చెయ్యాలి, పగలున్న గ్యాంగుల్ని వేరు చెయ్యాలి, ఆత్మహత్య ప్రమాదం ఉన్నవాణ్ణి కంటికి ఎదురుగా పెట్టుకోవాలి. ఆడవాళ్ళ వైపు ఇరవై బెడ్లు ఖాళీ ఉన్నా మగవాళ్ళ వైపు నేల మీద పడుకునే పరిస్థితి రావచ్చు. అందుకే ఈ పనిలో ఉన్నవాళ్ళు 85, 90 శాతం నిండగానే జైలు నిండినట్టే లెక్కేస్తారు.

దానికన్నా పెద్ద అడ్డంకి మనుషులు. టెక్సాస్ నిబంధన ప్రకారం 48 మంది ఖైదీలకు ఒక ఆఫీసరు ఉండాలి. గంటకోసారి ప్రతి ఖైదీనీ ముఖాముఖి చూసి రావాలి, మానసిక జబ్బు ఉన్నవాళ్ళనీ ఆత్మహత్య ప్రమాదం ఉన్నవాళ్ళనీ అరగంటకోసారి. ఆఫీసర్లు లేకపోతే ఆ విభాగంలో బెడ్లున్నా లేనట్టే. హ్యారిస్ కౌంటీకి కోవిడ్ తర్వాత ఇదే జరిగింది. జీతం చాలక, తప్పనిసరి ఓవర్‌టైం భరించలేక, కొట్లాటల మధ్య పనిచేయలేక సిబ్బంది మానేస్తుంటే, కొత్తవాళ్ళు దొరక్క, ఖైదీలను బయటికి పంపడం మొదలెట్టారు. ముందు లూసియానాలోని ఓ ప్రైవేటు జైలుకు, తర్వాత పశ్చిమ టెక్సాస్‌లోని గార్జా కౌంటీకి, 2023 చివర్లో మిసిసిపీలోని టలహాచీ కౌంటీలో ప్రైవేటు కంపెనీ నడిపే జైలుకు ఒప్పందాలు కుదిరాయి. వీళ్ళలో విచారణ ఖైదీలున్నారు. హ్యూస్టన్ కోర్టులో కేసు, హ్యూస్టన్‌లో లాయరు, హ్యూస్టన్‌లో తల్లీ పిల్లలూ, మనిషి మాత్రం వందల మైళ్ళ అవతల. లాయరుతో సరిగ్గా మాట్లాడుకోలేనివాడి కేసు ఇంకా ఆలస్యమవుతుంది, అంటే ఇంకొన్ని రోజులు, ఇంకొన్ని బెడ్లు. కోట్ల డాలర్లు పోసి సమస్యను పెంచుకునే దారి ఇది.

కొత్త భవనం కట్టినా దాన్ని నడిపేది ఆ సిబ్బందే. బాండ్ డబ్బు భవనానికే వస్తుంది. ఆ తర్వాత ముప్పై నలభై ఏళ్ళు జీతాలు, మందులు, తిండి కౌంటీ ఏటా భరించాలి. జైలు ఖర్చులో భవనం వాటా తక్కువ, మనుషుల జీతాల వాటా ఎక్కువ. బాండ్ కరపత్రాల్లో మాత్రం భవనం ధరే పెద్ద అక్షరాల్లో ఉంటుంది.

ఇదంతా కొత్తగా వచ్చింది కూడా కాదు. హ్యారిస్ కౌంటీ జైలు ఇరుకు మీద 1972లోనే ఫెడరల్ కోర్టులో దావా పడింది, అది రెండు దశాబ్దాలు దాటి నడిచింది. 1980లలో టెక్సాస్ రాష్ట్ర ప్రిజన్ల మీద ఇంకో కేసులో కోర్టు పరిమితులు పెట్టడంతో, శిక్ష పడినవాళ్ళను తీసుకెళ్ళడం రాష్ట్రం నెమ్మది చేసింది. ఆ భారమంతా కౌంటీ జైళ్ళ మీద పడింది, మనుషులు నేల మీద పరుపులేసుకుని పడుకున్నారు. అప్పుడు హడావుడిగా ఓ పాత కోల్డ్ స్టోరేజీ గోదాముని జైలుగా మార్చి 1991లో తెరిచారు. నార్త్ శాన్ హసింటో వీధిలో ఉన్న ఆ భవనమే ఇవాళ్టికీ కౌంటీ పెద్ద జైళ్ళలో ఒకటి. సరుకు దాచడానికి కట్టిన భవనంలో వేలమంది మనుషుల్ని ఉంచితే గాలి, వెలుతురు, లిఫ్టులు, ప్లంబింగ్ ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు. 2007లో కొత్త జైలుకు బాండ్ అడిగితే ఓటర్లు వద్దన్నారు. 2013లో మాత్రం అరెస్టయినవాళ్ళను మొదట నమోదు చేసుకునేందుకు నగరం, కౌంటీ కలిసి వాడుకునే ప్రాసెసింగ్ సెంటర్‌కు స్వల్ప తేడాతో సరేనన్నారు, అది 2019లో మొదలైంది. అదీ నిండింది. సెల్‌లో బెడ్ ఇవ్వకుండా 48 గంటలకు మించి మనుషుల్ని అక్కడే కూర్చోబెట్టారని 2022లో రాష్ట్ర జైలు ప్రమాణాల కమిషన్ తప్పుపట్టింది. అదే ఏడాది హ్యారిస్ కౌంటీ జైలు కస్టడీలో పాతికమందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది శిక్ష పడనివాళ్ళు. ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగి ముందుకు వెళ్ళమని అడుగుతున్నాను.

అయితే కట్టడమే వద్దు అనేవాళ్ళతో నేను ఏకీభవించను. కట్టాల్సినవి ఉన్నాయి, అవి మామూలు బెడ్లు కావు. హ్యారిస్ కౌంటీ జైలుని టెక్సాస్‌లోనే అతిపెద్ద మానసిక వైద్యశాల అని చాలాకాలంగా అంటున్నారు, ఎందుకంటే ఏ ఆసుపత్రిలోనూ ఇంతమంది మానసిక రోగులు ఒకచోట లేరు. కేసు అర్థం చేసుకునే మానసిక స్థితిలో లేడని కోర్టు తేల్చిన మనిషికి ముందు చికిత్స చేసి, తర్వాతే విచారణ జరపాలి. ఆ చికిత్స రాష్ట్ర ఆసుపత్రిలో జరగాలి. అక్కడ చోటు కోసం టెక్సాస్ జైళ్ళలో ఎదురుచూసేవాళ్ళ సంఖ్య ఒక దశలో 2,000 దాటింది, నెలల తరబడి నిరీక్షణ. ఏదో దుకాణంలోంచి వెళ్ళమంటే వెళ్ళలేదని పట్టుబడ్డవాడు, ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్ష కన్నా ఎక్కువ రోజులు చికిత్స కోసం జైల్లోనే కూర్చోవడం అంటే అది మన చేతులారా చేస్తున్న అన్యాయం. 2018లో హ్యారిస్ కౌంటీ మంచి పని ఒకటి మొదలుపెట్టింది. మానసిక జబ్బు ఉండి చిన్న నేరంలో దొరికినవాణ్ణి పోలీసులు జైలుకు కాకుండా నేరుగా డైవర్షన్ సెంటర్‌కు తీసుకెళ్ళొచ్చు, కేసు ఉండదు. అలాంటివాటి మీద పెట్టిన డాలరు, జైలు బెడ్ మీద పెట్టిన డాలరు కన్నా ఎంతో నయం.

వైద్యం ఖర్చు విషయంలో ఫెడరల్ ప్రభుత్వం పెట్టిన మెలిక కూడా తెలుసుకోవాలి. ఖైదీకి వైద్యం నిరాకరించడం రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 1976లోనే చెప్పింది, అదీ టెక్సాస్ కేసులోనే. కానీ జైల్లో అడుగుపెట్టగానే, శిక్ష పడకపోయినా, మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా) వైద్య ఖర్చులు కట్టడం మానేస్తుంది, ఆసుపత్రిలో ఇన్‌పేషెంట్‌గా చేరితే తప్ప. షుగరు, బీపీ, మత్తుమందుల విత్‌డ్రాయల్, ఇన్సులిన్, డయాలసిస్, అన్నీ కౌంటీ ఖాతాలోకి. 2022లో జైలు వైద్యం బాధ్యతను కౌంటీ ప్రభుత్వాసుపత్రి వ్యవస్థ హ్యారిస్ హెల్త్ తీసుకుంది. పాత జైళ్ళలో పరీక్ష గదులు సరిపోవు, ఐసొలేషన్ గదులు ఉండవు. కట్టమంటే నేను ముందు ఇవి కట్టమంటాను.

మన దేశంలో బొమ్మ వేరేగా కనిపించినా లోపలి లెక్క ఇదే. 2022 చివరినాటికి భారత జైళ్ళలో 5,73,220 మంది ఉన్నారు, చోటు 4,36,266 మందికే. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. ఒక్కసారి రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి, విచారణ ఖైదీలతోనే జైళ్ళు దాదాపు పూర్తిగా నిండిపోతున్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల జైళ్ళు మొత్తం మీద సామర్థ్యం లోపే ఉన్నాయి గానీ ఢిల్లీ, ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ 170 శాతం దాటాయి. 1978లోనే ఓ తాపీ మేస్త్రీకి పదివేల రూపాయల పూచీకత్తు అడిగిన కేసులో జస్టిస్ కృష్ణయ్యర్, పేదవాడికి ఇలాంటి బెయిల్ ఇవ్వడం ఇవ్వకపోవడంతో సమానమని గట్టిగా మందలించారు. ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 479వ సెక్షన్, మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపలే గడిపేస్తే వదలమంటోంది, మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలు మినహా. ఇది కూడా బెడ్లు పెంచకుండా రోజులు తగ్గించే ప్రయత్నమే.

మీ కౌంటీలో బాండ్ మాట వస్తే ఏం చూడాలంటే, టెక్సాస్ జైలు ప్రమాణాల కమిషన్ ప్రతి నెలా కౌంటీలవారీ లెక్కలు తన సైట్‌లో పెడుతుంది. మొత్తం ఎంతమంది అన్న కాలమ్ దగ్గర ఆగకుండా, అందులో శిక్ష పడని ఫెలనీవాళ్ళు ఎందరు, శిక్ష పడి రాష్ట్రం తీసుకెళ్ళడం కోసం ఆగినవాళ్ళు ఎందరు అన్నవి విడివిడిగా చూడండి. రెండోది ఎక్కువుంటే మీ తగాదా రాష్ట్రంతో. మొదటిది ఎక్కువుంటే కోర్టులతో, ఏడాది దాటి ఉన్నవాళ్ళు ఎందరని అడగండి. కమిషనర్స్ కోర్ట్ సమావేశాల్లో ఎవరైనా పేరు నమోదు చేసుకుని కొద్ది నిమిషాలు మాట్లాడొచ్చు. ఆ కొద్ది నిమిషాల్లో మూడు ప్రశ్నలు సరిపోతాయి: ఇప్పుడున్న బెడ్లలో సిబ్బంది లేక మూసినవి ఎన్ని, ఆసుపత్రి బెడ్ కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు ఎందరు, కొత్త భవనానికి ఏటా అయ్యే జీతాల ఖర్చు ఎంత.